వేటకు హద్దు - ఏటికి సిరి

జూరాల ఆనకట్టను చూడవచ్చిన బాటసారికి కృష్ణ నీటికన్న ముందుగా ఎదురగునది వేపుడు చేపల వాసన. ఆనకట్ట చెంతనున్న దుకాణములలో మూకుళ్లు కాగుచుండును. ఏటి చేప రుచి కొరకు దూరపు పట్టణములనుండి సైతము జనులు వచ్చుచుందురు. అచ్చటినుండి నది వెంబడి తూర్పునకు సాగినచో బీచుపల్లి దాటి, అలంపురము దిగువన తుంగభద్రను కలుపుకొని, కొల్లాపురము ప్రక్కనున్న సోమశిల రేవును చేరుదుము. అచ్చట వేకువ జామున పుట్టిలో వల సర్దుకొని నీటిలోనికి పోవు జాలరులు కనిపింతురు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో ఏటి ఒడ్డున బ్రతుకు బెస్త, ముదిరాజు కుటుంబములకు ఈ నీరే పొలము, చేపయే పంట.

ఈ పంటకు విత్తు వేసిన చేయి మనకు కనబడదు. కనుకనే ఇది ఎంత కోసినను తరుగని పంట అని మనము భ్రమపడుచున్నాము. ఏ రైతును విత్తనపు గింజలను దంచి తినడు. కాని ఏటిలో విత్తనపు గింజలనే తోడి ఎండబెట్టి అమ్ముకొనుట మన కన్నులయెదుట జరుగుచున్నది. ఈ పాఠమున మేము చెప్పదలచినది ఒక్కటే: చేప ఒక్కమారైనను గుడ్లు పెట్టిన పిమ్మటనే వలలో పడవలెను; ఈ నియమము రెండు ఒడ్డులవారికిని ఒక్కటిగా ఉండవలెను.

మన నీటిలోని చేపలు

కృష్ణా జలములలో బొచ్చ, రోహు, మోసు, జెల్ల, కొర్రమట్ట, వాలుగ మొదలగు జాతులు కలవు. వీనిలో ఒక్కొక్కదాని జీవితము ఒక్కొక్క విధముగా ఉండును. ఆ జీవితము తెలియనిదే వేటకు హద్దు ఎక్కడ గీయవలెనో తెలియదు.

బొచ్చ, రోహు వంటి గండుచేపలు పుట్టిన వెంటనే గుడ్లు పెట్టవు. రోహు గుడ్లు పెట్టు ప్రాయమునకు వచ్చుటకు సుమారు రెండేండ్లు పట్టును. వానకాలమున క్రొత్త నీరు వచ్చి ఏరు పారునప్పుడు ఇవి ప్రవాహమునకు ఎదురీది, అంచులలోని పలుచని నీటిలో గుడ్లు విడుచును. తల్లిచేప బరువు పెరిగిన కొలది గుడ్ల సంఖ్యయు పెరుగును. రోహు తన శరీరపు బరువులో కిలో ఒక్కింటికి లక్షకు మించిన గుడ్లు పెట్టగలదు. ఐదు కిలోల తల్లిచేప ఒక్కటి పెట్టు గుడ్లను ఇంకను ప్రాయమునకు రాని పిల్లచేపలు నూరు కలసినను పెట్టలేవు.

కొర్రమట్ట సంగతి వేరు. దీనినే కొరమీను అందురు. తెలంగాణ ఏర్పడిన పిదప దీనిని రాష్ట్రపు చేపగా ప్రకటించిరి. ఇది పిల్లలను కాపాడుకొను చేప. గుడ్లు పొదిగిన తరువాత ఎర్రని చిన్న పిల్లలు గుంపుగా నీటిపై తిరుగుచుండగా తల్లిదండ్రులు వానిని కాచుచుండును. ఆ సమయమున పెద్ద చేపను పట్టినచో పట్టినది ఒక్క చేప కాదు. కాపు లేని పిల్లలన్నియు ఇతర చేపలకు ఎరయగును.

ఇక వాలుగ. పొలుసు లేని ఒడలు, వెడల్పైన నోరు, రాత్రివేళ వేటాడు అలవాటు గల ఈ చేప లోతు మడుగులకు రాజు. గాలమునకు తగిలినచో సులభముగా లొంగదు; కనుకనే వినోదమునకై గాలము వేయువారికిని ఇది ప్రియమైనది. ఒకప్పుడు మన దేశపు నదులన్నిట విస్తారముగా దొరకిన ఈ జాతిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము 2019లో అపాయమునకు లోనగుచున్న జాతుల పట్టికలో చేర్చినది. మితిమీరిన వేట దీనికి ముఖ్య కారణములలో ఒకటి. మన మడుగులో నున్న చేప పేరు అట్టి పట్టిక కెక్కినదని తెలిసిన తరువాత ఊరకుండుట తగదు.

అలివి వల చేయు హాని

కొల్లాపురము, పెంట్లవెల్లి ప్రాంతములలోని పంచాయతీ సభ్యులకు అలివి వలను గూర్చి మేము వర్ణించి చెప్పనక్కరలేదు. ఇది మిక్కిలి పొడవైన లాగుడు వల. దీని కన్ను దోమతెర కన్నువలె సన్నము. పలువురు మనుష్యులు రెండు కొసలను పట్టి నీటిని చుట్టి ఒడ్డునకు లాగుదురు. పెద్ద చేప, పిల్ల చేప అను భేదము ఆ వలకు లేదు. శ్రీశైలము జలాశయపు వెనుక నీరు వేసవిలో వెనుకకు తగ్గి, సంగమేశ్వరాలయము బయటపడు దినములలో చేపలన్నియు మిగిలిన మడుగులలోనికి చేరును. అట్టి సమయమున ఈ వల లాగినచో ఆ మడుగు ఊడ్చిన కళ్లము వలె మిగులును.

పట్టిన చిరుచేపను పచ్చిగా కొనువారు తక్కువ. కావున ఒడ్డుననే ఇసుకపై ఎండబెట్టి సంచులకెత్తి అమ్మివేయుదురు. ప్రభుత్వము 2016లో ఉచిత చేపపిల్లల పంపిణీ పథకమును ప్రారంభించి జలాశయములలోను చెరువులలోను పిల్లలను విడిచినది. ప్రజాధనముతో విడిచిన పిల్ల వ్రేలెడు పొడవు పెరుగక మునుపే అలివి వలలో చిక్కి ఎండుచేపయైనచో ఆ ధనము ఏటిలో కలిసినట్లే.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూతము. ఇది ఉదాహరణకు చెప్పుచున్న లెక్కయే. ఒక్కొక్కటి పది గ్రాముల బరువు గల పిల్లలు నూరు పట్టినచో పచ్చిబరువు ఒక కిలో. ఎండిన తరువాత అది ఇంకను తగ్గును. ఆ నూరు పిల్లలను నీటిలోనే ఉంచి, వానిలో ఎనుబది చచ్చిపోయినవనియే అనుకొందము. మిగిలిన ఇరువది ఒక్కొక్క కిలో వరకు పెరిగినచో ఇరువది కిలోల మేలైన చేప చేతికి వచ్చును. ఒక కిలో చాలునా, ఇరువది కిలోలు కావలెనా? ఈ ప్రశ్నను గ్రామసభలో అడిగినచో చదువురాని వృద్ధురాలును సరియైన జవాబు చెప్పగలదు.

మరి జాలరి ఎందుకు ఆగడు? అతడు అజ్ఞాని కాడు. "నేడు నేను విడిచిన పిల్లను రేపు ఎదుటి ఒడ్డువాడు పట్టును గదా!" అను భయమే అతని చేతిచే వల వేయించుచున్నది. సోమశిలకు ఆవలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. జూరాలకు ఎగువ నీరు కర్ణాటకమునుండి వచ్చును. చేపకు సరిహద్దు తెలియదు. కాబట్టి ఒక్కరు విడిచిన చేప అందరికిని పోవును. ఒక్కరు చేసిన త్యాగము మాత్రము ఆ ఒక్కనికే నష్టము. ఈ చిక్కుముడిని విప్పనిదే ఎన్ని నిషేధములు ప్రకటించినను ఫలము లేదు.

హద్దు అనగా నేమి?

వేటకు హద్దు అనగా వేటను మాన్పుట కాదు. హద్దులు నాలుగు విధములు.

మొదటిది కాలపు హద్దు. చేపలు గుడ్లు పెట్టు దినములలో వల పైకి తీయవలెను. మన జలాశయములందు వానకాలపు తొలి నెలలగు జూలై, ఆగస్టు ఇట్టి విరామ కాలములు. ఏ ఏటికాయేడు ఖచ్చితమైన తేదీలను జిల్లా మత్స్యశాఖ కార్యాలయమున తెలిసికొని దండోరా వేయింపవలెను.

రెండవది కొలత హద్దు. నిర్ణీతమైన పొడవునకు లోబడిన చేప వలలో పడినను తిరిగి నీటిలో విడువవలెను. కొన్ని దేశములలో పై హద్దు కూడ కలదు. మిక్కిలి పెద్దవియగు తల్లిచేపలను సైతము విడిచిపెట్టుదురు. మధ్య కొలతవి మాత్రమే పట్టుకొనవచ్చును.

మూడవది వల హద్దు. వలకన్ను వెడల్పుగా ఉన్నచో పిల్లచేప తనంతట తానే తప్పించుకొని పోవును. ఏరివేయు శ్రమ ఉండదు. అన్ని హద్దులలోను అమలు జరుపుటకు ఇది సులువైనది. ఏలయనగా చేపను పట్టిన తరువాత తగవులాడుటకన్న వలను ఒడ్డుననే చూచి తేల్చవచ్చును.

నాల్గవది సంఖ్య హద్దు. ఒక మనిషి ఒక దినమున ఇన్ని చేపలకన్న ఎక్కువ పట్టరాదనుట. ఇది ముఖ్యముగా వినోదమునకై గాలము వేయువారికి వర్తించును.

ఇది మన దేశమునకు క్రొత్త ఆలోచన కాదు. బ్రిటిషు పాలనలో వచ్చిన 1897 నాటి భారత మత్స్య చట్టమే నీటిలో మందుగుండు పేల్చి గాని, విషము కలిపి గాని చేపలను చంపుటను నేరముగా ప్రకటించినది. వలల రకమును, కన్ను కొలతను నిర్ణయించుటకును, అవసరమైనచో ఒకానొక నీటి పట్టున రెండేండ్లకు మించని కాలము వేటను పూర్తిగా ఆపుటకును నియమములు చేయు అధికారమును ప్రభుత్వములకు ఇచ్చినది.

సముద్రపు చేప నేర్పిన పాఠము

హద్దు పెట్టినచో చేప తిరిగి వచ్చునా అను సందేహము సహజము. దీనికి అమెరికా తూర్పు తీరమున నడచిన ఒక కథ సమాధానము చెప్పుచున్నది. అచ్చటి అట్లాంటిక్ సముద్రమున స్ట్రైప్డ్ బాస్ అను చారల చేప కలదు. మన తీరమున పులస గోదావరికి ఎక్కినట్లే ఇదియు ఉప్పునీటిలో పెరిగి, గుడ్లు పెట్టుటకు వసంతకాలమున నదులలోనికి ఎక్కివచ్చును. చెసాపీక్ అఖాతమున కలియు నదులు దీనికి ముఖ్యమైన పుట్టినిల్లు. అమ్ముకొను జాలరులకును, సరదాకై గాలము వేయు లక్షలాది పౌరులకును ఇది సమానముగా ప్రియమైనది. ఈ చేపను పొలములకు ఎరువుగా వాడరాదని మసాచుసెట్సు వలస ప్రభుత్వము 1639లోనే శాసించినదన్నచో దాని విలువను వారు ఎంత ముందుగా గుర్తించిరో తెలియును.

అయినను మూడు శతాబ్దముల తరువాత అదే చేప అంతరించు దశకు వచ్చినది. 1973లో అమ్మకపు జాలరులు పట్టిన మొత్తము సుమారు 6,600 టన్నులు. పదేండ్లు గడచునప్పటికి అది అందులో నాల్గవ వంతుకైనను చేరలేదు. తీరమున అనేక రాష్ట్రములు కలవు. ఒక రాష్ట్రము ఆపినను ప్రక్క రాష్ట్రము పట్టుచుండెను. మన సోమశిల చిక్కే వారి చిక్కును.

అప్పుడు 1984లో వారి కేంద్ర శాసనసభ ఒక చట్టము చేసినది. తీర రాష్ట్రములన్నియు కలసి ఒప్పుకొన్న ప్రణాళికను ఏ రాష్ట్రము పాటింపదో ఆ రాష్ట్రపు నీటిలో ఆ చేప వేటను కేంద్రమే పూర్తిగా నిలిపివేయవచ్చునని దాని సారాంశము. ఒకడు ఆపగా మరియొకడు లాభపడు మార్గము దీనితో మూసికొనిపోయినది. 1985లో మేరీలాండ్, డెలావేర్ రాష్ట్రములు వేటను సంపూర్ణముగా ఆపినవి. మేరీలాండ్‌లో ఐదేండ్లు ఆ చేపపై వల పడలేదు. 1990లో చిన్న మోతాదుతో వేటను తిరిగి తెరచిరి. 1995 నాటికి చారల చేప కోలుకొన్నదని ప్రకటించిరి.

కథ అక్కడితో ముగియలేదు. ముగిసినచో పాఠము సగమే అగును. చేప తిరిగి వచ్చిన తరువాత వేటయు మరల పెరిగినది. 2019లో వెలువడిన పరిశీలనలో ఆ చేప మరల మితిమీరిన వేటకు లోనైనదని తేలినది. 2023లో సముద్ర తీరమున గాలము వేయువాడు దినమునకు ఒక్క చేపనే, అదియు 28 అంగుళములకును 31 అంగుళములకును మధ్య కొలత గలదానినే ఉంచుకొనవలెనని కట్టడి చేసిరి. దీనినిబట్టి మనకు రెండు విషయములు తెలియుచున్నవి. అందరును కలసి ఆపినచో చేప తిరిగి వచ్చును. వచ్చినదిగదా యని హద్దు సడలించినచో మరల పోవును. చెరువు కట్టను ఒకమారు వేసి విడువక ఏటేట చూచుకొనునట్లు వేట హద్దును కూడ ఏటేట చూచుకొనవలెను.

జాలరి పొయ్యి ఆరిపోరాదు

వల పైకి తీయించువారు ఆ ఇంటి పొయ్యి ఎట్లు వెలుగునో కూడ ఆలోచింపవలెను. రెండు మాసములు ఆదాయము లేనివానికి నీతిబోధ చేసిన ప్రయోజనము లేదు.

ఈ విషయమున మన పొరుగు రాష్ట్రపు సముద్ర తీరము ఆదర్శముగా ఉన్నది. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవలు వేటకు పోరాదను నిబంధన కలదు. ఆ దినములకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మత్స్యకార కుటుంబములకు భృతి ఇచ్చుచున్నది. 2019లో దానిని నాలుగు వేల రూపాయలనుండి పది వేలకును, 2025లో ఇరువది వేలకును పెంచిరి. బంగ్లాదేశ్‌లో హిల్సా చేప, అనగా మన పులస జాతి, గుడ్లు పెట్టు కాలమున అక్టోబరు ప్రాంతమున 22 దినములు వేటను ఆపి జాలరి కుటుంబములకు బియ్యము ఇచ్చుచున్నారు. నిషేధమును, ఆదరువును కలిపి నడిపినచోటనే నిషేధము నిలచినది.

ఏటి జాలరికిని విరామ కాలమున ఆదరువు కావలెనని అడుగుట న్యాయమైన కోరిక. ఆ కోరికను పంచాయతీ తీర్మానము ద్వారా పై అధికారులకు తెలుపవచ్చును. ఈలోపల గ్రామీణ ఉపాధి పనులలో ఆ కుటుంబములకు ఆ దినములలో పని దొరకునట్లు ముందుగా ఏర్పాటు చేయుట పంచాయతీ చేతిలోని పని.

పంచాయతీ చేయగలిగినది

నదిపై పోలీసు అధికారము పంచాయతీకి లేదు. నిషిద్ధ వలలను స్వాధీనపరచుకొనుట మత్స్యశాఖ, పోలీసుశాఖల పని. సభ్యులు తామే పడవలెక్కి తగవులకు పోరాదు. అయినను 1992 నాటి డెబ్బది మూడవ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయముల పట్టికలో మత్స్య పరిశ్రమను ఐదవ అంశముగా చేర్చినది. ఆ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనున్నది. చేపల సంగతి మనది కాదనుటకు సభ్యులకు ఇక వీలు లేదు.

సభ్యులు ఈ క్రింది పనులు చేయవచ్చును.

మొదట, ఊరి మత్స్య సహకార సంఘమును గ్రామసభకు పిలువవలెను. ఊరి నీటిలో ఒకప్పుడు దొరకి ఇప్పుడు దొరకని చేపల పేర్లను వృద్ధ జాలరులచే చెప్పించి వ్రాసి ఉంచవలెను. ఆ పట్టికయే అన్ని ఉపన్యాసములకన్న గట్టిగా మాటలాడును.

రెండవది, విడువవలసిన పిల్లచేపల కొలతను సంఘమువారితోను మత్స్యశాఖ వారితోను సంప్రతించి నిర్ణయించి, ఆ పొడవున ఒక గీత గీసిన బల్లను రేవులోను సంతలోను నిలుపవలెను. గీతకు పొట్టియైన చేపను కొనువాడు లేనిచో పట్టువాడును ఉండడు.

మూడవది, అలివి వల కనబడిన దినమున తేదీ, రేవు పేరు వ్రాసి మత్స్యశాఖకు వ్రాతమూలకముగా తెలుపవలెను. నోటిమాట గాలికి పోవును, కాగితము నిలచును. ఈ పనిని ఏ ఒక్క జాలరి పేరు మీదను గాక పంచాయతీ పేరుతోనే చేయవలెను. అప్పుడు ఎవ్వరికిని వ్యక్తిగత పగ అంటదు.

నాల్గవది, తమ ఆధీనమునగల చెరువులలోను కుంటలలోను ముందు తామే నియమమును పాటింపవలెను. చెరువు వేలమునకు ఇచ్చునప్పుడు సన్నకన్ను వల వాడరాదని, వేసవిలో చెరువును అడుగంట ఊడ్వరాదని, ఒక లోతు మడుగును తల్లిచేపలకు విడువవలెనని షరతు వ్రాసికొనవచ్చును. స్వంత చెరువున పాటింపని నియమమును ఏటికి చెప్పినచో ఎవరు విందురు?

ఐదవది, అన్నిటికన్న ముఖ్యమైనది, ఆవలి ఒడ్డు పంచాయతీతో మాటలాడుట. రేవునకు ఇరువైపుల వియ్యములు కలవు, జాతరలు కలవు, బేరసారములు కలవు. అట్టి చుట్టరికమున్నచోట ఒకే దినమున వల పైకి తీసి, ఒకే దినమున తిరిగి వేయుదమని ఒప్పందము చేసికొనుట అసాధ్యము కాదు. అమెరికాలో దీనికి ఒక చట్టము కావలసివచ్చినది. మనకు మొదట ఒక రచ్చబండ చాలును. చట్టము దానికి తోడుగా నిలచును.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరి నీటిలో ఇరువది ఏండ్ల క్రితము దొరకి నేడు అరుదైన చేపలేవి? ఎప్పటినుండి తగ్గినవి?

2. మన సంతకు వచ్చు ఎండుచేపలో పిల్లచేపల భాగమెంత? దానిని కొనుచున్నదెవరు?

3. వేట ఆపు నెలలలో మన ఊరి జాలరి కుటుంబములు దేనిపై ఆధారపడుచున్నవి? ఆ దినములకు ఏ పని చూపగలము?

4. మన చెరువు వేలపు షరతులలో వలకన్ను ప్రస్తావన కలదా?

5. ఎదుటి ఒడ్డున ఏ ఏ గ్రామములు కలవు? వారితో మాటలాడుటకు ఎవరు పోవలెను?

ఈ ప్రశ్నలకు జవాబులు మా కార్యాలయములో లేవు. మీ ఊరిలోనే కలవు. తొలకరికి ముందు జరుగు గ్రామసభయే వీనిని చర్చించుటకు తగిన సమయము. ఎగువ వానలకు జూరాల తలుపులు ఎత్తి, ఎర్రనీరు దిగువకు పరుగులిడు దినమున కడుపునిండ గుడ్లతో ఎదురీదివచ్చు తల్లిచేపకు దారి విడుచుట ఆ ఊరి మర్యాద కావలెను. ఆ ఒక్క ఋతువు ఓర్చుకొన్న రేవునకు ఏరు తన బాకీ ఉంచుకొనదు.